రంపానికి టోపీ

మా వీధి చివరి కోత మిల్లులో గుండ్రటి రంపం తిరగడం మొదలైతే చాలు, నా ఒళ్లు మండిపోతుంది. టోపీ లేని రంపం కీచుమంటూ చెవుల్లోకి దిగుతుంది. పళ్లమీద ఉండాల్సిన ఇనుప కప్పును మేం టోపీ అంటాం. అది లేదు. యంత్రం మీద మాత్రం మా పాత కార్ఖానా పేరు, కింద ‘పంతొమ్మిదో శతాబ్దం నుంచి’ అన్న గొప్ప. సిగ్గు లేకపోతే సరి!

నాందేడ్‌లో ఆ కార్ఖానాను నడిపిన నర్సుబాయి దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఆమె భర్త ముత్తాత నిజాం కాలంలో ఆవిరి రంపాలకు విడిభాగాలు పోతపోసేవాడట. తను చేసిన రంపాన్నే తిప్పి చూస్తూ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత రంపం ఇరుసును పట్టుకునే దిమ్మెనూ టోపీనీ ఒకే పోతలో పోయించాడు, ఎవరూ ఊడదీయకుండా. తరాలు మారినా ఆ అచ్చు మారలేదు. టోపీ ఉంటే మొద్దును నెమ్మదిగా తోయాలి కాబట్టి మిల్లుల వాళ్లు దాన్ని తిట్టని రోజు లేదు.

ఒకసారి భోకర్ నుంచి ఒక మిల్లు సేటు వచ్చాడు. “బాయీ, టోపీ కోసేసి ఇయ్యి. పని సాగుతలేదు.”

బాయి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “కోసిస్త. గని తొలి మొద్దు నీ కొడుకుతోని నూకియ్యాలె. నూకిస్తవా?”

సేటు లేచి వెళ్లిపోయాడు. “పెద్ద గిరాకీ పోయింది గద బాయీ,” అన్నాను.

“పోనీ తియ్. గిరాకీ మల్ల అస్తది. చెయ్యి మల్ల మొలుస్తదారా?” అని నా మీదా విరుచుకుపడింది. నెమ్మదిగా మాట్లాడడం ఆమెకు చేతకాదు. అప్పట్లో ఆ కేకలంటే నాకు చిరాకు. ఇప్పుడు ఆ గొంతు కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

బాయి పోయాక కార్ఖానా ఆమె మరిది కొడుకు చేతికి వచ్చింది. ఏడాది తిరక్కుండానే అచ్చును రెండు ముక్కలు చేయించాడు. టోపీ కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఎవడు కొంటాడు? నేను పని మానేసి సొంత షెడ్డు వేసుకున్నాను. ఈ ఎండాకాలం బిలోలిలో, ఆ కార్ఖానా రంపం మీదే, సాయన్న అనే కూలీ కుడి చెయ్యి పోయింది.

మొన్న ఆ మరిది కొడుకు పెద్దమనిషి నా షెడ్డుకు వచ్చాడు. కార్ఖానా చరిత్ర పుస్తకం వేస్తున్నాడట, బాయి గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నాడు. ముత్తాత చెయ్యి దగ్గర మొదలుపెట్టి సాయన్న చెయ్యి దాకా రాసిచ్చాను. చదివి మొహం మాడ్చుకున్నాడు.

“గింత కోపమెందుకే అన్నా? అయిపోయిన ముచ్చట గదా.”

“ఎవనికి అయిపోయిందిరా? సాయన్నకా?” అన్నాను.

కాగితాలు బల్ల మీద పడేసి పోయాడు. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను. బాయి నుంచి నాకు దక్కిన ఆస్తి ఈ కోపమొక్కటే, దాన్ని చల్లార్చుకోమని ఎవరూ నాకు చెప్పకండి. సాయన్న ఇప్పుడు ఎడమ చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్నాడు.