హామిల్టన్ అవతల, కేకలు అక్కర్లేని మందిరం

ప్రియులారా, ఈ ప్రయాణానికి కారణం నా గొంతు. ఇరవై ఏళ్ళు మైకు ముట్టకుండా, పైకప్పు అదిరేలా వాక్యం చెప్పినవాడిని. 2006 జూన్‌లో డాక్టర్ గొంతులోకి చూసి, ఇలాగే అరిస్తే ఉన్న స్వరం కూడా పోతుందన్నాడు. అరవని బోధ కూడా ఒక బోధేనా? ఇక వేదిక ఎక్కనని మా ఆవిడ కరుణతో చెప్పేశాను. మా సహవాసంలో ఇళ్ళ ప్లాన్లు గీసే జోసెఫ్ మాత్రం ఊరుకోలేదు. "అంకుల్, మానేసే ముందు హామిల్టన్ అవతలున్న చాపెల్, చిన్న ప్రార్థన మందిరం, ఒక్కసారి చూసి రండి. అక్కడ మెల్లగా మాట్లాడినా వెనక బెంచీ దాకా వినబడుద్ది" అన్నాడు.

శనివారం ఉదయం ఎనిమిదికి కరుణా నేనూ మా ఇల్లున్న మౌంట్ ఆల్బర్ట్‌లో బయల్దేరాం. స్టేట్ హైవే ఒకటి పట్టుకుని దక్షిణానికి పోవడమే. దారిలో బాంబే అని పిలిచే కొండల మీద పొగమంచు వల్ల రెండు గంటలు పైనే పట్టింది. పెట్రోలు రానూపోనూ ముప్పై డాలర్లు. "డాక్టర్ అరవొద్దన్నాడు గానీ అసలు మాట్లాడొద్దన్లేదుగా?" అని కరుణ దారంతా దెప్పుతూనే ఉంది.

చాపెల్ తలుపు పిడికి తోలు చుట్టి ఉంది. జూన్ అంటే ఇక్కడ చలికాలం, అంత చలిలోనూ చేతికి చల్లగా తగల్లేదు. తాళం తీసిన స్థానిక కివీ పెద్దావిడ నా ఆశ్చర్యం చూసి నవ్వింది. "ఇది కట్టిన ఆర్కిటెక్ట్ కుర్రతనంలో ఫిన్లాండ్‌లో ఒక పెద్దాయన దగ్గర పనిచేశాడు. అందరూ ఇనుము, గాజు అంటుంటే ఆ పెద్దాయన చెక్కనూ ఇటుకనూ వదల్లేదు. ఒక లైబ్రరీలో చెక్క పైకప్పును అలల్లా వంచాడు, మాట్లాడేవాళ్ళు అరవక్కర్లేకుండా. పైకి చూడండి, అదే ఇక్కడికీ వచ్చింది."

తలెత్తితే పైన్ చెక్క అలలు. సొలొమోను మందిరాన్ని దేవదారు పలకలతో కప్పించాడని చదివినప్పుడల్లా అది వైభవమనుకున్నాను. చెక్క మాటను మోస్తుందని ఇక్కడే తెలిసింది.

"కరుణా, చివరి బెంచీలో కూర్చో. వినబడకపోతే చెయ్యెత్తు."

బైబిల్లో ఏలీయా ఘట్టం తెరిచాను. గాలిలో, భూకంపంలో, అగ్నిలో లేని దేవుడు మెల్లని స్వరంలో వచ్చాడు. ఆ భాగాన్ని నేను ఎన్నోసార్లు అరిచి బోధించాను! సిగ్గేసి పుస్తకం మూసి, చిన్న గొంతుతో ప్రార్థన చేశాను. ఎందరి వీసాల కోసమో ప్రార్థించిన నోరు, రోజూ నాకు ఉప్పునీళ్ళు కాచి ఇచ్చే మనిషిని మొదటిసారి పేరుతో తలుచుకుంది.

చెయ్యి లేవలేదు. చూస్తే, మఫ్లరుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"వినబడిందా?"

"అంతా వినబడింది. ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడండి."

జనం వినరేమోనన్న భయాన్ని ఇన్నాళ్ళూ ఆత్మ తీవ్రత అనుకున్నాను. ఎక్కడో మంచుదేశంలో ఒకాయన వినేవాళ్ళ మీద దయతో వంచిన చెక్క నన్ను గద్దించింది. మర్నాడు మా సహవాసంలో వేదిక ఎక్కాను. మైకు పెట్టుకోలేదు, అరవలేదు. రెండో వాక్యానికే వెనకవాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. మీరూ వెళ్తే తాళం కోసం ముందురోజే కబురు చేయండి. ఒంటరిగా మాత్రం వెళ్ళకండి. చివరి బెంచీలో కూర్చోవడానికి మీ మనిషి ఒకరు ఉండాలి.