వదినను నిలబెట్టడానికి దివిసీమ ప్రయాణం

మా మేనల్లుడు యాకోబు ఎద్దుల బేరానికి గుడివాడ వచ్చి, బేరం కుదరక మా ఇంటికి భోజనానికి వచ్చాడు. చారు పోసుకుంటూ, "అమ్మ లేవట్లేదత్తయ్యా" అన్నాడు. వాళ్ళమ్మ రత్నమ్మ మా పెద్దన్నయ్య భార్య, నాకు వదిన. నవంబరులో వరికోతల ముందు ఆమె రెండుసార్లు పడిందట. ఎముక విరగలేదని అవనిగడ్డ డాక్టరు చెప్పాడట. అయినా అప్పటినుంచి మంచం దిగడం లేదట.

విరగని కాళ్ళతో మనిషి మూడు నెలలు మంచం మీద ఎందుకుంటుందో నాకు అర్థం కాలేదు. నేను బందరులో ఆడపిల్లల ట్రైనింగు స్కూల్లో ఇరవై ఎనిమిదేళ్ళు డ్రిల్లూ ఆరోగ్యశాస్త్రమూ చెప్పాను. మనిషి రెండు కాళ్ళ మీద ఎలా నిలబడగలుగుతాడు, ఎందుకు పడతాడు అన్నది అందులో ఒక పాఠం. దానికోసం గుడ్డ మీద వేయించిన మూడు పటాలూ, ఎటు తోసినా లేచి నిలబడే చెక్కబొమ్మ ఒకటీ ఇంకా ఆ స్కూలు బీరువాలోనే ఉన్నాయి. అవి పట్టుకెళ్ళి వదినను నడిపించి రావాలని బయలుదేరాను.

1959 ఫిబ్రవరి 10, మంగళవారం. ఏడున్నరకు రావలసిన బందరు పాసింజరు ఎనిమిదిన్నరకు వచ్చింది. టిక్కెట్టు డెబ్బై నయాపైసలు. కిటికీలో గుమాస్తా మాత్రం పదకొండణాలనే అన్నాడు. పెట్టెలో నా ఎదురుగా పెడన వెళ్ళే అద్దకం బట్టల వ్యాపారి కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"పెద్దవాళ్ళు పడటం మామూలేనండీ. మా అమ్మా పడింది, పోయింది" అన్నాడు, తుపాను సంగతి చెప్పినట్టు. ఎక్కడ పడిందని అడిగాను. ఆయనకు గుర్తు లేదు. పడిన చోటు గుర్తుంచుకోవాలని కూడా ఆయనకు తోచినట్టు లేదు.

బందరులో దిగి రిక్షాలో స్కూలుకు వెళ్ళాను. పటాల అంచులు బొద్దింకలు కొట్టాయి గాని బొమ్మలు బాగానే ఉన్నాయి. కోర్టుల దగ్గర హోటల్లో భోజనం చేసి ఒంటిగంట అవనిగడ్డ బస్సు ఎక్కాను. ఈ దారిన వెళ్ళేవారు బస్సు స్టాండులోనే మంచినీళ్ళు పట్టుకోవాలి. తర్వాత చల్లపల్లి దాకా బస్సు ఎక్కడా నిలవలేదు. కండక్టరు నా చేతిలోని పటాల చుట్ట చూసి సినిమా బొమ్మలా అని అడిగాడు. కావు, మనిషి పడకుండా నిలబడటం నేర్పే పటాలన్నాను.

"దానికి పటాలెందుకండీ మామ్మగారూ, మా బస్సులో నాలుగు రోజులు నిలబడితే వచ్చేస్తుంది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతను చెప్పింది ఒక విధంగా నిజమే. నిలకడ సాధనతోనే వస్తుంది, కూర్చుంటే పోతుంది.

మోపిదేవి దాటి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా మెల్లగా కృష్ణపాయ దాటి, మూడున్నరకు అవనిగడ్డ చేరాం. అక్కణ్ణుంచి కోడూరు వైపు ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాను. దారి పొడుగునా మినుము పీకుతున్నారు. ఊళ్ళో మనుషులు తక్కువ.

యాకోబు ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్ళాను. వదిన నవారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ఆమె నడుము చుట్టూ పాత తెల్లచీర తాడులా మెలిపెట్టి, మంచం పట్టెకు కట్టి ఉంది. నా చేతిలోంచి సంచి జారిపోయింది. అందులోని చెక్కబొమ్మ గచ్చు మీద దొర్లి, ఊగి, నిటారుగా నిలబడింది.

కోడలు సుగుణమ్మ ఇంతపని చేస్తుందా అని నా మనసులో పుట్టిన మాటలు ఇక్కడ రాయను. ఎవరు కట్టారని మాత్రం అడిగాను.

"ఎవరు కడతారమ్మాయీ, నేనే కట్టుకున్నా. ముడి చూడు, నా చేతికందేట్టే ఉంది" అంది వదిన. నాకు అరవై నాలుగేళ్ళు వచ్చినా ఆమెకు నేను అమ్మాయినే. "కునికిపాటులో మరిచిపోయి లేస్తానని భయం. మళ్ళీ పడితే వీళ్ళు చేను వదిలేసి నా దగ్గర కూర్చోవాలి."

సాయంత్రం సుగుణమ్మ చేలోంచి రాగానే ముందుగా ఆ ముడి విప్పింది. వద్దంటే అత్తగారు ఏడుస్తున్నారని చెప్పింది. మంచం దించి నడిపిస్తే మళ్ళీ పడతారని ఆమెకూ భయం. కాళ్ళకు బలం రావాలని తనకు తెలిసిందల్లా చేస్తున్నానంది.

దీపం పెట్టాక పటాలు గోడకు తగిలించి పాఠం మొదలుపెట్టాను. మొదటి పటంలో మనిషి నడినెత్తి నుంచి బరువు గీత రెండు పాదాల మధ్యకు దిగుతుంది. అది పాదాలు దాటితే పడతాం. రెండోదాంట్లో లోపలి చెవి. తల ఎటు వంగిందో అదే చెబుతుంది. మూడోది అరికాలు. అది నేలను తడిమి పైకి కబురు పంపుతుంది.

వదిన శ్రద్ధగానే విని, "నిలకడ చెవిలో ఉంటే మీ అన్నయ్య బ్రహ్మచెవుడుతో కాలవ మీద తాటిపట్టె ఎలా దాటేవాడే?" అంది. వినే చెవి వేరు, తూచే చెవి వేరు అని నేను చెప్పేలోగా సుగుణమ్మ ఆముదం గిన్నె తెచ్చింది. అత్తగారి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళకు మర్దన మొదలుపెట్టింది. పడుకోబోయే ముందు అరికాళ్ళకు ఆముదం మా ఇళ్ళలో తాతలనాటి అలవాటు. కళ్ళకు చలవ, కాళ్ళకు బలం అంటారు.

"పడ్డప్పటినుంచీ రెండింతలు రాస్తున్నానండీ పిన్నిగారూ" అంది.

నా చూపు ఆ అరికాళ్ళ మీంచి నేల మీదికి పోయింది. నేనెరిగిన ఆ ఇంట్లో ఉన్నది పేడతో అలికిన మట్టినేల. ఇప్పుడున్నది నున్నటి సిమెంటు గచ్చు. దీపం అందులో కనిపిస్తోంది. గచ్చు ఎప్పుడు చేయించావురా అని యాకోబును అడిగాను. దసరాలకు ముందన్నాడు. వదిన పడింది ఎప్పుడని అడిగాను. రెండుసార్లూ తెల్లవారుజామున, మంచం దిగి దొడ్లోకి వెళ్ళబోతూ.

నేను కాళ్ళు చాపి, నాకూ ఆముదం రాయమన్నాను. సుగుణమ్మ తెల్లబోయి రాసింది. స్తంభం పట్టుకుని లేచాను. చేయి వదిలి అడుగు వేశానో లేదో, పాదం నాది కానట్టు ముందుకు పోయింది. యాకోబు జబ్బ పట్టుకోకపోతే నా నడుమే విరిగేది.

ఏళ్ళ తరబడి రాసిన నూనె మట్టినేల మీద ఎవరినీ పడెయ్యలేదు. నేల మారింది, నూనె మారలేదు. సుగుణమ్మ గిన్నె దూరంగా జరిపి, అత్తగారి పాదాలను కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"నా కాళ్ళు పోయాయనుకున్నానే" అంది వదిన, నెమ్మదిగా.

కారణం దొరికితే మనిషి లేచి నడుస్తుందనుకున్నాను. బుధవారం పొద్దున సున్నిపిండితో పాదాలు రుద్ది కడిగి, పొడిగా తుడిచి, ఇక నూనె మోకాళ్ళకే గాని అరికాళ్ళకు వద్దని చెప్పి, వదినను లేవదీశాను. మూడు నెలలు కూర్చున్న పిక్కలు చేతికర్రల్లా ఉన్నాయి. ఆమె గడగడ వణికి మళ్ళీ మంచం మీద కూలబడింది. మెల్లగా చేయి చాపి ఆ తెల్లచీర అందుకుంది. మళ్ళీ కట్టుకోవడానికి. నిన్న తలుపు తోసినప్పుడు కలిగిన దిగులు నాకు మళ్ళీ పుట్టింది.

ఆ చీర ఆమె చేతిలోంచి తీసుకున్నాను. యాకోబును పిలిచి, మంచం పక్క స్తంభం నుంచి దొడ్డిగుమ్మం దాకా నడుమెత్తున బిగించి కట్టమన్నాను. దీనిమీద బరువు వెయ్యకు, వేళ్ళతో తాకు, చాలు అని వదినకు చెప్పాను. తాకిన చోటునుంచి ఒంటికి దారి తెలుస్తుంది. పాదాలు ఎడం పెట్టించాను. చూపు కాళ్ళమీద కాకుండా గుమ్మం మీద నిలపమన్నాను. ఒక పక్క నేను, ఒక పక్క సుగుణమ్మ, పట్టుకోకుండా చేతులు దగ్గర పెట్టి నడిచాం. ఆ రోజు స్తంభం దాటి రెండు అడుగులు. గురువారం సగం గది. మధ్యలో కూర్చోబెట్టి, చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం చేయించాను. బడిపిల్లలకంటే ఎక్కువ సణిగింది. శుక్రవారం మధ్యాహ్నం గుమ్మం ముట్టుకుంది. అది ముట్టుకుని వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది, ఎవరిదో మంచం చూసినట్టు.

14వ తేదీ, శనివారం, నా ప్రయాణం. బండి వచ్చి నిలబడింది. సంచి సర్దుకుంటూ ఉంటే, దొడ్డిగుమ్మం దగ్గర్నుంచి వదిన పిలిచింది. తనంతట తనే అక్కడిదాకా వెళ్ళింది.

"అమ్మాయీ, నా చీర ఇక్కడికే అయిపోయింది. బావి దాకా ఇంకోటి కావాలి."

పదింటికి అవనిగడ్డలో బస్సు దొరికింది. బందరులో పటాలూ బొమ్మా అప్పగించి, సాయంత్రం పాసింజరులో గుడివాడ బయలుదేరాను. పెడన రాగానే ఆ వ్యాపారి తల్లి గుర్తొచ్చింది. ఆమె ఎక్కడ పడిందో, అంతకుముందు ఆ ఇంట్లో ఏది మారిందో ఎవరైనా అడిగారో లేదో. వదిన ఇంట్లో నేను చూసినదాంట్లో నిర్లక్ష్యం ఎక్కడా లేదు. ప్రేమతోనే కోడలు నూనె రాసింది, ప్రేమతోనే అత్త ముడి వేసుకుంది.

ఇంటికొచ్చి సామాను సరిచూసుకున్నాను. తీసుకెళ్ళినవి మూడు చీరలు, తెచ్చినవి రెండు.