నోరు తెరిస్తే నవ్వుల టేపు

నిన్న రాత్రి టీవీలో వచ్చిన బ్రిటిష్ కామెడీలో ఒక ఇండియన్ షాపువాడున్నాడు. వాడు నోరు తెరిస్తే చాలు, వెనక నవ్వుల టేపు. ఈ పరాయి దేశంలో, గంగాలిన్ అనే పేటలో, మా ఇంట్లో నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఈ రోజు ఆఫీసులో లంచ్ దగ్గర దాని గురించే కబుర్లు. మా టీమ్ లీడర్ గ్రెగ్ నావైపు తిరిగి, "మేట్, వాడిలా ఒక్క డైలాగ్ చెప్పవా?" అన్నాడు.

"సారీ గ్రెగ్, ఐ డోంట్ టాక్ లైక్ దట్," అన్నాను, సీరియస్‌గానే.

అందరూ పగలబడి నవ్వారు. "పర్ఫెక్ట్! అచ్చం వాడే!" అని గ్రెగ్ చప్పట్లు కొట్టాడు. మన గుంటూరు రఫీ కూడా నవ్వాడు, తన వంతు రాకూడదని కాబోలు.

వై టూ కే దెబ్బకి, అంటే రెండువేల సంవత్సరం రాగానే తేదీలు తికమకపడి, వీళ్ల కంప్యూటర్లు ఆగిపోకుండా ఏం చేయాలో రేపు మీటింగులో నేనే చెప్పాలి. మీరైతే నోరు తెరుస్తారా?