నాలుగు మూలల సున్నం రాళ్లు

మా నాన్న పనిచేసింది కరిగిన ఇనుము కాలవలా పారే చోట. నిప్పంటే ఆయనకి లెక్కలేదు. పాము అడ్డం వస్తే కర్రతో పక్కకి తోసి బీడీ వెలిగించుకునేవాడు. అలాంటి మనిషి సున్నం కొట్టిన రాయిని చూసి వణికిపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తొంభైలు అయిపోవస్తున్న రోజులు.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకున్న ఊళ్ళలో నాన్నవాళ్ళ ఊరు ఒకటి. ఆయన కుర్రాడిగా ఉండగా ఒక పొద్దున్న పొలం గట్ల మీద సున్నం కొట్టిన రాళ్లు కనిపించాయట. ఎందుకు పాతారో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఊరు లేదు. నాన్నకి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది, గాజువాక దగ్గర కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఊరి సంగతి అడిగితే ఎప్పుడూ ఒకటే మాట: "రాళ్లొచ్చినాయి. మేం ఎల్లిపోనాం." ఇంకేం అడిగినా లేచి చొక్కా వేసుకుని టీ కొట్టుకి వెళ్ళిపోయేవాడు.

ఇక మాకు మిగిలిన నేలంటే అమ్మ మెట్టే. సబ్బవరం అవతల, కొండ వారగా, కాస్త ఎర్రమట్టీ బోలెడు గులకరాళ్లూ. తాతయ్య ఆమెకి పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. మా వైపు అలా ఇచ్చిన నేలని ఆడపిల్ల తన నోటితో ఊ అంటే తప్ప ఎవరూ అమ్మరు. మొగుడైనా సరే బతిమాలుకోవాల్సిందే. నాన్న బతిమాలుకునేవాడు కూడా. చుట్టుపక్కల ప్లాట్లు వేస్తున్న ఆసామి ఒకడు మా ఇంటికి తరచూ వచ్చి, అమ్మ పెట్టిన టీ తాగుతూనే అమ్మ నేలకి బేరం పెట్టేవాడు.

"ఎప్పుడో ఎవుడో ఒకడొచ్చి పట్టుకుపోతాడే," అనేవాడు నాన్న. "ఆడు పట్టుకుపోకముందే మనం అమ్మీసుకుంటే డబ్బులైనా మిగుల్తాయి."

"నా పసుపు కుంకుమ నాను అమ్మను," అనేది అమ్మ. అక్కడితో మాటలు ఆగి గిన్నెల చప్పుడు మొదలయ్యేది.

అలాంటప్పుడు మావయ్య కబురు తెచ్చాడు. మావయ్య అంటే అమ్మ తమ్ముడు, అమ్మ పుట్టినూళ్ళోనే ఉంటాడు, మెట్ట చూసుకునేది ఆయనే. సొంత భూమిలో చెట్లు పెంచుకునే రైతులకి ఖర్చులో సగం ప్రభుత్వం పెడుతుందట. ఫారెస్టు ఆయన వచ్చి నేల చూసి, ఎక్కడ సరుగుడు వెయ్యాలో, ఎక్కడ జీడిమామిడి వెయ్యాలో, ఎప్పుడు పలచన చెయ్యాలో, ఎప్పుడు కొట్టుకోవాలో ఒక ప్లాను రాసిస్తాడు. గోతులకీ మొక్కలకీ నీళ్ళకీ అయ్యేదాంట్లో సగం వాళ్ళది, సగం మనది. వాళ్ళ సగం రెండు విడతల్లో ఇస్తారు. మొదటి విడత ముందే వస్తుంది. రెండోది, మళ్ళీ వచ్చి కొలిచి, మొక్కలు బతికాయి, నేల ప్లానులో రాసినంతా ఉంది అని తేల్చాకే. తేలకపోతే ప్లాను రద్దు. ఇచ్చింది కూడా తిరిగి కట్టాలి.

అమ్మ మొహం వెలిగిపోయింది. నాన్న మొహం మాడిపోయింది.

"సగం గవర్నమెంటు పెడితే సగం భూమి గవర్నమెంటుది అయిపోదేటే?"

నేనూ అమ్మా ఒకేసారి నవ్వేశాం. నాన్న నవ్వలేదు. ఆ పూట ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. చివరికి అమ్మకి ఒళ్ళు మండి, "సరే, ఆల్లు కొలిసినప్పుడు ఈ ప్లాను పోనాదంటే, ఆ ప్లాట్ల ఆసామి కాయితం మీద నానే సంతకం ఎట్టీసి వత్తాను. సాలా?" అంది. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. అమ్మ ఆడి తప్పే మనిషి కాదని మాకందరికీ తెలుసు. అందుకే ఆ ఏడాదంతా మా ఇంట్లో అన్నం కూడా భయంభయంగానే అరిగేది.

మన సగం అంటే డబ్బు కొంచెం, ఒళ్ళు ఎక్కువ. ఆదివారం వస్తే అమ్మా నేనూ సబ్బవరం బస్సెక్కేవాళ్ళం. గెడ్డలో, అంటే కొండవాగులో, చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు ముంచి, మావయ్య కావిడితో, మేం బిందెలతో కొండ వారదాకా మోసేవాళ్ళం. వేసవిలో గెడ్డంతా ఇసకే, బిందె నిండడానికి యుగాలు పట్టేది. నాకు ఆ మొక్కల మీద ఎంత కోపమో చెప్పలేను. నా ఈడు పిల్లలు బీచికి వెళుతుంటే నేను జీడిమామిడికి నీళ్ళు పోస్తున్నాను. అమ్మ మాత్రం ఒక్కో మొక్క దగ్గరా వంగి, బాలింతని పలకరించినట్టు, "ఎలాగున్నావే" అనేది. ఎండిపోయిన దాన్ని కూడా అడిగేది. కొండ వారన కొన్ని ఎండిపోయాయి మరి, ఎంత పోసినా.

నాన్న ఒక్కసారీ రాలేదు. కొలతలు ఇంకో వారంలో ఉన్నాయనగా ఫారెస్టువాళ్ళు ముందుగా వచ్చి, ప్లాను ప్రకారం నాలుగు మూలలా రాళ్లు పాతించి వెళ్ళారు. ఆ ఆదివారమే మావయ్య పంతం పట్టి నాన్నని లాక్కొచ్చాడు. "మా అప్ప అంత కట్టపడతంటే సూడ్డానికైనా రావేటి బావా?" అని.

దారి మలుపు తిరగగానే నాన్న ఆగిపోయాడు. ఎదురుగా మొదటి మూల. ఎర్రమట్టిలో తెల్లగా, కొత్త సున్నంతో రాయి.

"ఎవులు పాతినారు?"

"ఫారెస్టోల్లు, బావా. అద్దు తెల్డానికి."

నాన్న చేతిలో బీడీ వణకడం చూశాను. మొక్కలవైపు కన్నెత్తి చూడకుండా వెనక్కి తిరిగి బస్సు రోడ్డుకి నడిచాడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. మొక్కలు బతికినందుకు ఆయనకి కడుపుమంట అనుకుంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను.

కొలతల రోజు అమ్మా నేనూ పది గంటల వేళకి దిగాం. నాన్నకి రాత్రి షిఫ్టు, మేం బయల్దేరేదాకా ఇంటికి రాలేదు. మావయ్య మాకు దారిలోనే ఎదురొచ్చాడు, తల మీద చెయ్యి పెట్టుకుని.

"అప్పా, రాళ్లు నేవు."

పరిగెత్తాం. నాలుగు మూలలా నాలుగు గోతులు, అప్పుడే తవ్విన తడిమట్టి. మావయ్య ప్లాట్ల ఆసామిని తిట్టడం మొదలెట్టాడు. వాడి ఇంటికి వెళ్ళి కాలరు పట్టుకుంటానని నేను బయల్దేరబోయాను. అంతలో ఫారెస్టు ఆయన మోటారు సైకిలు వచ్చి ఆగింది.

"రాళ్లేవమ్మా?"

మావయ్య గోతులవైపు చెయ్యి చూపించాడు. ఆయన మూలలన్నీ తిరిగి వచ్చాడు. చెడ్డమనిషేం కాదు, మొహంలో జాలి కనిపిస్తూనే ఉంది. "హద్దు లేకుండా దేన్నించి కొలవమంటారు? హద్దు లేదనే రాయాలి. నాకు మళ్ళీ ఇటు రావడానికి వీలుండదు," అన్నాడు. అమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. నాకు ఆ ప్లాట్ల కాయితమే కళ్ళముందు కనిపించింది.

అప్పుడు గెడ్డవైపు నించి నాన్న వచ్చాడు. ఇంకా ఫ్యాక్టరీ బట్టల్లోనే ఉన్నాడు. మోకాళ్ళదాకా బురద, అరచేతులకి సున్నం.

"ఎవుల్నీ అనకండి. నానే పీకీసినాను. షిఫ్టు దిగి తిన్నగా ఇటే వచ్చినాను. గెడ్డ మడుగులో పడీసినాను."

ఆ క్షణంలో ఆయన్ని అసహ్యించుకున్నాను. పందెం గెలవడానికి ఇంత పని చేస్తాడా అనుకున్నాను. అమ్మ మాత్రం ఆ తెల్లటి చేతులనే చూస్తోంది.

"ఎందుకండీ?" అంది.

"రాళ్లొచ్చిన కాడ ఊరుండదే," అన్నాడు నాన్న. "నీది కూడా పోతాదని."

ఏడాదిగా అమ్మ నేల అమ్మించాలని చూసిన మనిషి, దాన్ని ఎవరో ఎత్తుకుపోతారని రాత్రంతా కొలిమి దగ్గర నిలబడిన కాళ్ళతో వచ్చి, ఒంటరిగా ఆ రాళ్లు మోసి మడుగులో పారేశాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు.

ఫారెస్టు ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. "అయ్యా, ఇవి భూమి తీసుకునే రాళ్లు కావు. ఇదంతా మీదే, ఇక్కడిదాకా మీదే అని చెప్పే రాళ్లు."

"మాకప్పుడు ఎవులూ ఏటీ సెప్పనేదు బాబూ," అన్నాడు నాన్న.

మడుగులోంచి రాళ్లు తియ్యాలంటే మనుషులు కావాలి, మోకులు కావాలి. ఫారెస్టు ఆయన గడియారం చూసుకుంటున్నాడు. అమ్మ లేచింది. కొంగు బిగించి, దగ్గరున్న గోతిలోకి దిగి నిలబడింది.

"రాయి నేకపోతే మనిషి పనికిరాదేటి? గోతులున్నాయి కదా. కొలండి బాబూ."

ఆయన తటపటాయించాడు. తర్వాత సంచీలోంచి టేపు తీశాడు. మావయ్య రెండో మూలకి పరిగెత్తాడు. నేను మూడోదానికి. నాలుగోది కొండ వారన ఉంది. దాని దగ్గర నాన్న ఒక్కడే ఉన్నాడు.

ఆయన కదల్లేదు. కదలకపోతే చాలు, పందెం ఆయనదే. ప్లాను పోతుంది, అమ్మ సంతకం పెడుతుంది. గోతిలోకి అలా చూస్తూ ఉండిపోయాడు, అందులో ఎవరో ఉన్నట్టు. "బావా!" అని మావయ్య అరిచాడు. అమ్మ అరవలేదు, పిలవలేదు.

నాన్న వంగి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. ఉత్తికాళ్ళతో గోతిలోకి దిగాడు.

ఫారెస్టు ఆయన టేపు పట్టుకుని మా నలుగురి మధ్యా తిరిగాడు. తర్వాత వరసలన్నీ నడిచి మొక్కలు లెక్కపెట్టాడు. కొండ వారన ఎండిపోయిన వాటి దగ్గర ఆగినప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకుంది. ఎండ నెత్తికెక్కింది. కదిలితే ఏమవుతుందో అని చీమ కుట్టినా నేను కదల్లేదు. చాలాసేపటికి ఆయన కాయితం మడిచి, "సరిపోయిందమ్మా. రాళ్లు మళ్ళీ పాతించుకోండి," అన్నాడు.

అమ్మ ఒక్కసారి భోరుమంది. మావయ్య గోతిలోంచి గెంతాడు. నేనూ పైకి వచ్చేశాను. మోటారు సైకిలు వెళ్ళిపోయింది. నాన్న మాత్రం అక్కడే ఉన్నాడు.

"అయిపోనాది బావా, వచ్చీ!"

రాలేదు. నేనే వెళ్ళాను. చీలమండల దాకా మట్టి కప్పుకుని, చేతులు రెండూ పక్కన వేలాడేసి, నిటారుగా నిలబడి ఉన్నాడు. బుగ్గల మీద సున్నం చారలు. నన్ను చూసి, చిన్నపిల్లాడిలా, "ఆ దినం మేం ఎవులం ఇలాగ నిలబడనేదే, అమ్మడూ," అన్నాడు.