అత్తగారి దువా

మొన్న శంకర్ నగర్‌లో తెలుగువాళ్ళ పెళ్ళివిందులో పక్కన కూర్చున్న ఒకావిడ నా పేరు విని, మీరు తెలుగువాళ్ళా, ముస్లిములా అని అడిగేసరికి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో గుఢియారీ పేటలో ఉన్నప్పుడు అలాంటి అనుమానమే మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది.

మావారి రైల్వే ఉద్యోగంతో గుంటూరు వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన దూదేకుల కుటుంబం మాది. ఉర్దూ రాదు. నమాజు వరకూ అరబ్బీ సూరాలు చదివినా, ఆ తర్వాత చేతులు చాచి అత్తగారు చేసే దువా అంతా తెలుగులోనే సాగేది. అది విన్న పక్కింటావిడ, అందరూ ఆపా అని పిలిచే పెద్దావిడ, వీళ్ళు సగం ముస్లిములేనని వీధిలో అన్నదట. జబ్బుతో మంచం పట్టిన అత్తగారికి ఆ మాట తెలిశాక ముద్ద దిగలేదు.

"నేను పోతే ఈ ఊరి ఖబరస్తాన్‌లో చోటిస్తారంటావా అమ్మాయ్? మోసేదానికి ఎవరన్నా వస్తారా?" అని నా చెయ్యి పట్టుకుని అడిగేది. నాకూ అదే గుబులు. చివరికి తెగించి మసీదు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చీరాని హిందీలో ఇమాం గారికి చెప్పుకున్నాను. ఆయన కూడా కాదంటే ఇక వెళ్ళడానికి చోటు లేదు.

ఆ సాయంత్రమే ఆయన వచ్చారు. తెలుగులో అడిగితే అల్లా వింటాడా అన్న అత్తగారి ప్రశ్నను నేను హిందీలో చెప్పాను. "అమ్మా, హర్ జబాన్ ఉసీకీ దీ హుయీ హై, ఆప్ మాంగియే," అన్నారు. ప్రతి భాషా ఆయనిచ్చిందేనట, అడగమన్నారని చెప్పగానే అత్తగారు దువా మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆమె ఆగినప్పుడల్లా ఆయన ఆమీన్ అన్నారు. శుక్రవారం మసీదులోనూ ఇదే మాట చెప్పారట.

కొద్ది వారాలకే అత్తగారు పోయింది. ఎవరూ రారేమోనని కిటికీ దగ్గర నిలబడ్డాను. ముందుగా గడప దాటింది ఆపాయే. కొంగు దోపుకుని అత్తగారి చివరి స్నానానికి నీళ్ళు తోడింది. జనాజాను భుజాలకెత్తేసరికి సందంతా మనుషులే. తర్వాత ఇమాం గారి ప్రోద్బలంతో నేను మా వరండాలో ఆడపిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెడితే, ఆపా తన కూతుళ్ళను స్వయంగా తెచ్చి కూర్చోబెట్టింది.

ఇప్పుడు ఇదే ఊళ్ళో మోవా పేటలో ఉంటున్నాం. మనవరాళ్ళు ఉర్దూ చక్కగా చదువుతారు, మమ్మల్ని సగం ముస్లిములనేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. ఆ భయం పోయినందుకు సంతోషమే. కానీ మా ఇంట్లో అల్లాను తెలుగులో పిలిచే గొంతు ఇప్పుడు నాదొక్కటే.