వరండాలో ట్విర్ల్

సముద్రాలు దాటి వచ్చిన లబాసా చెరకు తోటలో మా గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, ఐదేళ్లు. రెండో ఏట, ఆరు నెలల పిల్లతో ఉన్న నన్ను దొరగారి బంగళాలో ఆయా పనికి తీసుకున్నారు. పొలంలోనైతే పిల్లను సాలు చివర గోనెపట్టా మీద ఎండకు వదిలేసి చెరకు నరకాలి. బంగళాలో వరండా నీడ ఉంది. అది దేవుడు చేసిన మేలు.

దొరసాని తన కూతురికి గౌను గొడుగులా విచ్చుకునేట్టు తిరగడం నేర్పుతూ "ట్విర్ల్, ట్విర్ల్" అనేది. నాన్న ఇంట్లోనే పలక మీద నాలుగక్షరాలు దిద్దించడం వల్ల నాకు మాటల మీద ఆశ ఎక్కువ. అర్థం అడిగాను. దేని చుట్టూ తిరగడం కాదట. ఉన్నచోటే, గిర్రున, సరదాకి తిరగడమట. గానుగ తిరిగితే ఆ మాట అనకూడదట. వచ్చీరాని హిందూస్తానీలో అంతవరకు చెప్పింది.

కూలీలుండే లైన్లలో మా గది మంచమంత. దేవుడి చుట్టూ తిరిగే చోటెక్కడిది? అందుకే పొద్దున్నే బంగళా పెరట్లో సూర్యుడికి ఎదురుగా నిలబడి, ఉన్నచోటే మూడుసార్లు ఆత్మప్రదక్షిణం చేసుకునేదాన్ని. ఒకరోజు దొరసాని చూసి చప్పట్లు కొట్టింది.

"ఆయాకు కూడా ట్విర్ల్ వచ్చే!"

"అది ట్విర్ల్ కాదమ్మగారూ, దండం."

నవ్వేసింది. ఆదివారం టీకి వచ్చే దొరల ముందు చేసి చూపించమంది. ఇష్టం లేకపోతే సోమవారం కత్తి పట్టుకుని పొలానికి పొమ్మంది.

పక్కగది అక్కతో చెప్పుకుని ఏడ్చాను.

"తిరిగెయ్యెహె, నీకేటి పోద్ది? ఆ నీడ కోసం నన్ను మొగ్గలెయ్యమన్నా ఏసేస్తాను."

"దేవుడికి చేసేది దొరలకెలా చేస్తానక్కా?"

"అయితే దేవుడికి చెయ్యనిది చెయ్యి."

ఆదివారం వరండాలో నిలబెట్టారు. దేవుడికైతే కుడివైపుగా తిరుగుతాం. నేను ఎడమకు తిరిగాను. "ఇంకోసారి" అన్నారు. మూడు దాటాయి, ఏడు దాటాయి. చివరికి కళ్లు తిరిగి స్తంభం పట్టుకున్నాను. పిల్ల మూలన హాయిగా నిద్రపోతూనే ఉంది.

సాయంత్రం అక్క గుండెలు బాదుకుంది. "ఎడంకా! ఓసి పిచ్చిదానా, అది శవం కాడ తిరిగేది గదే! దేవుడికి చెయ్యనిది చెయ్యమన్నాను గానీ ఇదేటే? పిల్లకి తగిల్తే?"

అది నాకు తెలుసు. తెలిసే తిరిగాను. దీపం ముందు కూర్చుని, "తండ్రీ, ఆ దోషమేదో నాకే తగలనీ" అని వేడుకున్నాను.

తరువాత ప్రతి ఆదివారం పిలిచారు. గిర్మిట్ తీరేదాకా ఎడమకే తిరిగాను. పిల్ల ఆ వరండాలోనే నడక నేర్చింది.