రెండుసార్లు సాగనంపిన తమ్ముడు

మా తమ్ముడు మిర్యాలగూడ దవాఖానాలో పోయాడు. కబురు తెచ్చింది పొద్దుటి బస్సు డ్రైవరు. వాకిట్లో నిలబడి తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నోరు తెరవకముందే అర్థమైంది. అయినా ఒక్క మాట అడిగాను.

"నీ కండ్లతోని సూసినవా?"

"సూసిన అక్కా. మొకం మీద గుడ్డ కప్పంగ గాడనే ఉన్న."

అడగక తప్పలేదు. కళ్లతో చూడకుండానే ఒకసారి మేము అతనికి కర్మ చేశాం.

సూర్యాపేటలో మా ఇంటిని పల్టనోళ్ల ఇల్లంటారు. తాత సిపాయి, నాయిన సిపాయి. అమ్మ తొందరగా పోయింది. పదిహేడేళ్లకే భర్తను పోగొట్టుకుని నేను పుట్టింటికి వచ్చేనాటికి తమ్ముడికి నాలుగేళ్లు. నేనే పెంచాను. పెద్దయ్యాక అతనూ పల్టన్‌లోనే చేరాడు. పెళ్లి కూడా చేశాం. యుద్ధానికి పోయేముందు సెలవుకు వచ్చినప్పుడు సంచిలో ఒక కుక్కపిల్లను తెచ్చాడు. దాని పేరు జమాదార్. "ఇంట్ల నాకన్న పెద్ద హోదా దీనిదే. జర అదబ్‌గ ఉండుండ్రి," అని మరదలితో, నాతో సెల్యూట్ కొట్టించాడు.

సముద్రం దాటాక ఉత్తరాలు ఆగిపోయాయి. తరువాత సర్కారు కాగితం వచ్చింది. జాడ తెలియలేదని రాశారు. అంతే. రెండేళ్లు చూశాం. కర్మ చేయకుంటే ఆత్మ తిరుగుతూనే ఉంటుందని మా చిన్నాయన పట్టుబట్టాడు. మరదలు నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"వదినె, నువ్వు జెప్పు. నీ తమ్ముడు పోయిండని నువ్వంటే పుస్తె తీస్త."

దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. లేచి వచ్చి, "తియ్యి బిడ్డా," అన్నాను.

దర్భలతో బొమ్మ చేసి కాల్చారు. మరదలిని పీట మీద కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు. పిట్టకు పెట్టిన రోజు ఒక్క కాకీ వాలలేదు. ఎండలో అందరం నిలబడి ఉండగా జమాదార్ వచ్చి విస్తరిలో అన్నమంతా తినేసింది. అపచారమని చిన్నాయన రాయి విసిరాడు. దాని వెనక కాలు విరిగింది.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు తమ్ముడు తిరిగి వచ్చాడు. శత్రువుల జైల్లో ఉన్నాడట. కోదాడలో బస్సు దిగితే, మాకు తెలిసిన బట్టల వ్యాపారి అతన్ని చూసి కొయ్యబారిపోయాడు. "ఏవయ్యా, నువ్వు పోయావని భోజనం కూడా చేసొచ్చాను గదయ్యా!" అన్నాడట. "కడుపు నిండ తిన్నవా మరి?" అని తమ్ముడు అడిగాడట. తన చావు కబురు అతనికి అలా తెలిసింది.

ఇంటికి వచ్చిన మనిషి ఎముకలగూడు. జమాదార్ కూడా గుర్తుపట్టలేదు. గుమ్మానికి అడ్డం నిలబడి మొరిగింది. "జమాదార్ సాబ్, సెలవు దొరికింది. లోపటికి రానియ్యి," అన్నాడు. ఆ గొంతు విని అది నేల మీద పడి పాకుతూ వచ్చింది. దాని కాలు చూసి ఏమైందని అడిగాడు. నేను ఏదీ దాచలేదు. అంతా విని, దాని చెవులు నిమురుతూ, "నా బువ్వ నువ్వే తిన్నవ్, నా దెబ్బ గూడ నువ్వే తిన్నవ్," అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కర్మ జరిగిన మనిషి ఇల్లు చేరాలంటే మళ్లీ పుట్టాలన్నారు అయ్యగారు. స్నానం చేయించి ఊయలకు తాకించారు. చెవిలో పేరు చెప్పింది నేనే. "అక్కా, ఈపారన్న మంచి పేరు వెట్టు," అన్నాడు. అందరూ నవ్వారు. తరువాత మరదలికి మళ్లీ పుస్తె కట్టించారు. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆ తరువాత మూడేళ్లు బతికాడు. దుప్పటి నాలుగు మడతలు సరిగ్గా వేసేవాడు. దిండు కింద ఎప్పుడూ ఒక రొట్టె ముక్క ఉండేది. పక్క దులిపేటప్పుడు చూసి, మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. పోయినేడు కోదాడ దిక్కు నుంచి దండు లారీలు వస్తుంటే ఊరంతా సడక్ మీదికి పోయింది. అతనూ జమాదార్‌ను పట్టుకుని నిలబడ్డాడు. "గా పోరగాండ్ల ఇండ్లల్ల గూడ ఎవరో ఎదురుసూస్తుంటరు అక్కా," అని, లారీలన్నీ దాటకముందే ఇంటికి వచ్చేశాడు.

జైల్లో పట్టిన దగ్గు వదల్లేదు. మిర్యాలగూడకు తీసుకుపోయే రోజు నన్ను దగ్గరికి పిలిచాడు. "అక్కా, ఈసారి నేను నిజంగనే పోత. నీ మరదల్ని మల్ల గట్ల పీట మీద కూసోవెట్టనియ్యకు." సరేనన్నాను. సరే అనడం తేలిక. నా గాజులు పగిలిన నాడు నా పక్కన అడ్డు చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అడ్డు చెప్పవచ్చని నాకూ తెలియదు.

పదో నాడు మా ఆడవాళ్లు పీట వేశారు. చిన్నాయన అరుగు మీద నుంచి, "ఇగ కానియ్యుండ్రి, పొద్దెక్కుతుంది," అన్నాడు. మరదలు నా వైపు చూసింది. నేను పోయి ఆ పీట మీద కూర్చున్నాను.

"సిన్నాయినా, ఒక్క మనిషికి రెండుసార్లు కర్మ జేసినం. దీనికి ఒక్కసారి అయిపోయింది. ఇగ లేదు."

"లోకం ఏమంటది బిడ్డా?"

"అప్పుడు గూడ లోకం జెప్పినట్టే జేసిన. అది నిజం గాలే."

చిన్నాయన ఆ పీట దిక్కు చూశాడు. కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు. నేను ఇంకా పీట మీదే కూర్చున్నాను. మరదలు వచ్చి చెయ్యి అందించింది.

మరునాడు పొద్దున్నే ఆమె సద్ది గిన్నె పట్టుకుని చేనికి బయలుదేరింది. జమాదార్ ముందు నడుస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. సడక్ మలుపు దగ్గర అది ఆగింది. ఆమెను కాదు, ఆమె వెనక దారిని చూస్తూ నిలబడింది. ఆమె కూడా ఆగి, వెనక్కి తిరిగి, అది చూసిన చోటికే కాసేపు చూసింది. తరువాత ఇద్దరూ మలుపు తిరిగారు.